ఇంటిల్లిపాదీ చూడొచ్చు

2002 జూన్‌లో నన్ను ఒంగోలు నుంచి గుంటూరు ఎడిషన్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ సబ్ ఎడిటర్. ఆ డెస్క్ మీద అప్పటికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని నేను కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే వంటలు, ముగ్గులు, సినిమా నా నెత్తిన పెట్టేశారు. నేరాలు, రాజకీయాలు, మిర్చి యార్డు ధరలు మగవాళ్లు పంచుకున్నారు. వంటల పేజీని పాఠకులు పంపే పచ్చళ్లతో, పొడులతో ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. ముగ్గుల సంగతి చెప్పకపోవడమే మంచిది, నాకు చుక్కలు పెట్టడం కూడా సరిగా రాదు. సినిమా మాత్రం ఇష్టపడి చేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మరుసటి ఏడాది మిర్చి సీజన్‌లో ఒక చిన్న సినిమా గుంటూరులో ఆడిన ఒకే ఒక్క వారం సంగతి.

ముందు మా పని ఎలా జరిగేదో చెప్పాలి. సినిమా శుక్రవారం విడుదలయ్యేది. హైదరాబాదులో సెంట్రల్ డెస్క్ సమీక్షకుడు పొద్దున ఆట చూసి సాయంత్రానికి సమీక్ష రాసేవాడు. అది మోడెం మీద అన్ని ఎడిషన్లకూ వచ్చి, శనివారం మెయిన్ పేపర్లో అచ్చయ్యేది. జిల్లా డెస్క్‌లో ఉన్నవాళ్లకు అందులో కామా ముట్టుకునే అధికారం కూడా లేదు. మాకంటూ ఉన్నది ఆదివారం జిల్లా అనుబంధంలో ఒక అరపేజీ. దాని పేరు ‘గేటు దగ్గర’. సినిమా చూసి బయటికొచ్చిన జనం ఏమన్నారో అందులో వేసేవాళ్లం. పైన నేను నాలుగు మాటల్లో కథ చెప్పేదాన్ని, కింద జనం అభిప్రాయాలు. ప్రతి అభిప్రాయానికీ చెప్పినవాళ్ల పేరు, ఊరు, స్టాంపు సైజు ఫోటో ఉండి తీరాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా అభిప్రాయం చెత్తబుట్టకే.

ఈ రూలు పెట్టింది మా ఎడిషన్ ఇన్‌ఛార్జి సాంబశివరావు గారు. నాకంటే ముందు ఆ పేజీ చూసిన మహానుభావుడు థియేటర్ ముఖం చూడకుండా, ఇంట్లో కూర్చుని, ‘ఒక ప్రేక్షకుడు’, ‘ఒక గృహిణి’ అంటూ ఊళ్లో వాళ్లందరి తరఫునా తనే మాట్లాడేశాడట. ఒక హీరో అభిమానులు ఆఫీసు మీదకొచ్చి, ఆ గృహిణి ఎవరో చూపించమన్నారట. ఆ రోజు నుంచి రూలు. సాంబశివరావు గారు రూలు మనిషి. ఎండాకాలంలో కూడా ఫుల్ హాండ్స్ చొక్కా మణికట్టు దగ్గర గుండీ విప్పేవారు కాదు.

ఇంకో ఆనవాయితీ సమీక్ష చివరి వాక్యం. మా వైపు కుటుంబాలు సమీక్ష పైనుంచి కిందికి చదివేవి కావు, చివరి వాక్యం చూసి ఆపేసేవి. ‘యువతను ఆకట్టుకుంటుంది’ అని రాస్తే భార్యాపిల్లల్ని తీసుకెళ్లొద్దని అర్థం. ‘ఒకసారి చూడొచ్చు’ అంటే నిర్మాతను చూసి సమీక్షకుడికి జాలేసిందని అర్థం. ‘ఇంటిల్లిపాదీ చూడొచ్చు’ అని పడితే మాత్రం ఆదివారం మ్యాట్నీకి ఆడవాళ్ల క్యూ రోడ్డు దాకా వచ్చేది. ఆ రెండు మాటల కోసం పంపిణీదారులు మా ఆఫీసు మెట్లెక్కి స్వీట్లు పెట్టిన సందర్భాలున్నాయి. స్వీట్లు డెస్క్ తినేది, వాక్యం నేను రాసేదాన్ని కాదు.

ఇక ఆ సినిమా. పేరు ‘మూడో అల్లుడు’. పెద్ద హీరోలెవరూ లేరు. ఒక ఊళ్లో మిఠాయి దుకాణం యజమాని, ఆయనకు ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. అల్లుళ్లిద్దరికీ పడదు. మొదటి కాఫీ నాకంటే నాకని ఒకరు, ఫ్యాను కింద కుర్చీ నాదని ఇంకొకరు. తండ్రి షష్టిపూర్తికి కొడుకు తనతో గదిలో ఉండే అబ్బాయిని వెంటబెట్టుకొస్తాడు. వంటవాడు అలిగి వెళ్లిపోతే ఆ అబ్బాయి గరిటె పట్టుకుంటాడు. అల్లుళ్ల తగాదా తీరుస్తాడు. నాయనమ్మకు కళ్లజోడు వెతికిపెడతాడు. ఇల్లంతా వాణ్ని నెత్తిన పెట్టుకుంటుంది. ఇంటర్వెల్ తర్వాత కొడుకు, మేమిద్దరం కలిసి బతుకుతున్నాం, నేను పెళ్లంటూ చేసుకుంటే వీణ్ణే చేసుకునేవాణ్ని అని తండ్రికి చెప్పేస్తాడు. తండ్రి ఇద్దర్నీ గెంటేస్తాడు. తర్వాత ఒక పాట. పాట అయ్యేసరికి ఆయన మనసు మారుతుంది. చివర్లో అల్లుళ్లకు వేసిన వరసలో మూడో విస్తరి వేయించి, ఆ అబ్బాయిని కూర్చోబెట్టి తానే నెయ్యి వడ్డిస్తాడు.

శుక్రవారం మ్యాట్నీ నేను బాల్కనీలో చూశాను. ఇంటర్వెల్ దాకా హాలు నవ్వులతో అదిరిపోయింది. బెంచీ తరగతిలో యార్డుకు మిర్చి తెచ్చిన రైతులు ఎక్కువ, బస్తాలు కాటాకు వచ్చేలోపు సినిమాకొచ్చినవాళ్లు. వాళ్లయితే అల్లుళ్ల గొడవకు తొడలు చరుచుకుని మరీ నవ్వారు. కొడుకు తండ్రికి నిజం చెప్పగానే హాలంతా నిశ్శబ్దం. ఎవడో ఈల వేశాడు. వెనక నుంచి ఒకాయన, “ఒరేయ్, కూర్చోరా, ఇననీ!” అని అరిచాడు. మూడో విస్తరి సీన్‌కు కొందరు చప్పట్లు మొదలుపెట్టి, పక్కవాళ్లు కొడుతున్నారా లేదా అని చూసుకుని ఆపేశారు.

అభిప్రాయాలకు నేను నిలబడేది గేటు దగ్గర కాదు, సైకిల్ స్టాండు దగ్గర. గేటు దగ్గర మనిషి ఫోటో కోసం మాట్లాడతాడు. స్టాండులో టోకెన్ చేతిలో పెట్టుకుని, తన బండి ఎక్కడో లోపల ఇరుక్కుపోయి, కదల్లేక నిలబడి ఉంటాడు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాడు. నా వెంట ఫోటోగ్రాఫర్ బాషా ఉన్నాడు. ఆ రోజు అడిగినవాళ్లందరూ బాగుందనే అన్నారు. పేరు చెప్పమంటే మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది. ఒక ప్లీడరు గారు చాలాసేపు ఆలోచించి, “ఫస్టాఫ్‌కైతే నా పేరేసుకోండి, సెకండాఫ్‌కి వద్దు” అన్నారు. బాషా కెమెరా ఎత్తితే జనం ముఖానికి టవళ్లు అడ్డం పెట్టుకున్నారు. అది చూస్తే పోలీసు రెయిడ్‌లా ఉంది తప్ప కుటుంబ కథా చిత్రంలా లేదు.

మేం తిరిగి వెళ్తుంటే ఒకావిడ వెనకే వచ్చింది. నూలు చీర, భుజానికి సంచి. ఇందాక నేనడిగితే తల అడ్డంగా ఊపి తప్పుకున్నావిడే. ఆదివారం పేజీ రాసేది మీరేనా అని అడిగింది. అవునన్నాను. బాషా వింటున్నాడేమోనని చూసింది. వాణ్ని ముందు పంపించేసి, ఆవిణ్ని సోడా బండి పక్కకు తీసుకెళ్లాను. పేరు విమల. నల్లపాడులో చర్చి బడిలో టీచరు. ఒంటిపూట సెలవు పెట్టి ఒక్కతే సినిమాకొచ్చింది.

ఆవిడ చెప్పింది ఇది. భర్త ప్రసాదరావు పత్తి జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు, చర్చి సంఘంలో పెద్ద. ఒక్కగానొక్క కొడుకు సుధీర్ తాడేపల్లిలో ఉద్యోగం చేస్తూ ఒక స్నేహితుడితో కలిసి ఉంటున్నాడు. ఆ స్నేహితుడు ఎవరో, తనకు ఏమవుతాడో సుధీర్ కిందటి వానాకాలంలో ఇంట్లో చెప్పేశాడు. ఆ రోజు నుంచి తండ్రి కొడుకుతో మాట్లాడలేదు. ఆదివారం ఆదివారం వాడొస్తాడు, చర్చికి వస్తాడు, అన్నానికి కూర్చుంటాడు. వాడు కూర్చోగానే ఈయన కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లిపోతాడు. కిందటి ఆదివారం కొడుకు తల్లితో, ఇంకొక్క వారం వస్తానమ్మా, తర్వాత రాను, ఆయన్ని ఆయన ఇంట్లో వరండాలో కూర్చోబెట్టడం నాకు బాగా లేదు అన్నాడు.

“ఆయన మీ పేజీ చదివి గానీ సినిమాకి తీసుకెళ్లరండీ,” అంది. “పెళ్లయిన కొత్తలోంచీ అంతే. పేపర్లో ఇంటిల్లిపాదీ చూడొచ్చు అని పడితే, చర్చి అయ్యాక అన్నాలు తిని అందరం వెళ్లేవాళ్లం. ఇప్పుడు సినిమాలు మానేశారు గానీ పేజీ చదవడం మానలేదు. ఆ మాట పడితే అడగటానికి నాకు నోరొస్తుంది మేడం.”

రూలు చెప్పాను. ఆ మాట నా అంతట నేను రాయకూడదు, ఎవరో ఒకరు పేరు పెట్టి అనాలి, మీరంటారా అని అడిగాను. ఆవిడ భయపడిపోయింది. తన పేరు పడితే సంఘం మొత్తానికీ తెలిసిపోతుంది. అది నిజమే. నేను బలవంతం చేయలేదు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. “కథ సంగతి మాత్రం రాయకండి మేడం. కుటుంబ కథ అని రాయండి చాలు. అసలు సంగతి రాస్తే ఆయన రారు.”

నేను సరేననలేదు, కాదనలేదు. సోడా సగం తాగి ఆఫీసుకు వెళ్లాను.

మర్నాడు పొద్దున సమీక్షలన్నీ వచ్చాయి. నేను వరసగా పేర్చుకుని చదివాను. మా సెంట్రల్ డెస్క్ సమీక్షకుడు ‘ఇద్దరు స్నేహితుల గాఢమైన అనుబంధాన్ని పెద్దలు అర్థం చేసుకోలేకపోవడమే కథ’ అని రాసి, ఒకసారి చూడొచ్చునన్నాడు. ఇంకో పత్రిక ‘సున్నితమైన అంశం’ అన్నది గానీ ఆ అంశమేమిటో చెప్పలేదు. మరొకటి మన సంస్కృతి ఎటు పోతోందని వాపోయింది, అది ఎందుకు వాపోతోందో చివరి వరకూ చదివినా తెలియలేదు. నాలుగో ఆయన తెలివైనవాడు, సగం సమీక్ష ఛాయాగ్రహణం మీద నడిపించేశాడు. ఈ నాలుగూ చదివిన మనిషి, ఆ కొడుకు స్నేహితుడి కోసం ఎక్కడో హామీ సంతకం పెట్టి ఇరుక్కున్నాడు కాబోలు అనుకుంటాడు. మెచ్చుకున్నవాళ్లు కథ దాచి మెచ్చుకున్నారు, తిట్టినవాళ్లు కథ దాచి తిట్టారు. నాకు ఒళ్లు మండింది. నచ్చలేదంటే నచ్చలేదని రాయొచ్చు, అది వాళ్ల హక్కు. కథేమిటో కూడా చెప్పనివాడు సమీక్ష రాయడమెందుకు?

ఆ కోపంలోనే విమల టీచరు అడిగింది కూడా ఆలోచించాను. కథ చెప్పకుండా కుటుంబ కథ అని రాస్తే ఆయన రావచ్చు. ఇంటర్వెల్ దాకా నవ్వుతాడు. ఆ తర్వాత, పక్కన భార్యనూ కొడుకునూ పెట్టుకుని, చీకట్లో ఆ సీను చూస్తాడు. తనను మోసం చేసి తీసుకొచ్చారనుకుంటాడు. లేచి వెళ్లిపోతాడు. కొడుకు ఇక రాడు. ఆవిడ మంచికోరే అడిగింది గానీ అడిగింది తప్పు అనిపించింది. కథ రాయాలి, ఆ వాక్యమూ పడాలి. ఆ వాక్యం అనే మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.

శనివారం మ్యాట్నీ వదిలే వేళకు మళ్లీ స్టాండు దగ్గర నిలబడ్డాం. మళ్లీ అవే నవ్వులు, అవే టవళ్లు. బాషా విసుగెత్తి ఆ ప్లీడరు గారి ఫస్టాఫ్ అభిప్రాయమే వేసేద్దాం మేడం అన్నాడు. అప్పుడు ఒక పెద్దావిడ ఇద్దరు కోడళ్లను వెంటేసుకుని బయటికొచ్చింది. చెవులకు పెద్ద దుద్దులు, కంటికి నల్లద్దాలు. కంటి డాక్టరు కోసం సత్తెనపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చి, డాక్టరు సాయంత్రం రమ్మంటే సినిమాకొచ్చారట. పేరు నాగరత్నమ్మ. సొంతంగా పత్తి, మిర్చి సాగు చేయించే రైతు.

ఎలా ఉందండీ అన్నాను.

“ఎట్టా ఉండేదేందమ్మా, శుబ్బరంగా ఉంది. మా కోడళ్లు నవ్వలేక చచ్చారు. ఆ పెద్దల్లుడున్నాడే, అచ్చం మా ఇంట్లోవోడే!”

కోడళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. రెండో సగం సంగతేమిటని అడిగాను. ఆవిడ నల్లద్దాలు తీసింది.

“మా మరిది కొడుకు ఒకడుండేవోడు, ఇట్టాంటోడే. చెప్పాడు, చెప్పలేదనడానికి లేదు. ఇనలా. పెళ్లి చేశాం. ఆ పిల్ల పుట్టింట్లో కూకుని ఏడుస్తంది, ఈడు ఏ ఊళ్లో ఉన్నాడో మాకు తెలవదు. రెండు కొంపలు కూల్చాం మేం. ఈ సినిమాలో ఆ తండ్రి నెయ్యి పోశాడు చూడు, అప్పుడు మా మరిది గుర్తొచ్చాడు నాకు.”

పెద్ద కోడలు అత్తయ్యా అని మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ విదిలించుకుంది. ఇంటిల్లిపాదీ చూడొచ్చంటారా అని అడిగాను. ఈ ప్రశ్న నేను ప్రతి సినిమాకూ ప్రతి ఒక్కరినీ అడిగేదే.

“చూడొచ్చు. ఇంటిల్లిపాదినీ దగ్గర కూకోబెట్టుకుని మరీ చూడాల.”

పేరు వేయొచ్చా అన్నాను.

“నా పేరుకేం రోగం? ఏసుకో. ఊరు కూడా ఏసుకో.” బాషా వైపు తిరిగి, “ఏరా అబ్బాయ్, ఈ అద్దాలు తీసేసి తియ్యాలా, పెట్టుకుని తియ్యాలా?” అంది. తీసేసే తీశాడు.

శనివారం సాయంత్రం పేజీ. పైన నేను రాసిన కథ నాలుగు వాక్యాలు. అందులో నన్ను ఎక్కువసేపు ఆపింది ఒకటే. ఇలాంటి ప్రేమకు మా డెస్క్ దగ్గర అప్పటికి రెండే మాటలున్నాయి. ఒకటి నేరాల పేజీది, ఒకటి డాక్టరు సలహాల శీర్షికది. ఏది వాడినా ఆ మిఠాయి దుకాణం ఇల్లు కాస్తా స్టేషనో ఆసుపత్రో అయిపోతుంది. చివరికి రెండూ పక్కన పెట్టి, ‘ఈ ఇంటి కొడుకు ప్రేమించింది ఒక అబ్బాయిని. ఆ సంగతి తెలిశాక ఇల్లు ఏమైందన్నదే కథ’ అని రాశాను. కింద నాగరత్నమ్మ గారి అభిప్రాయం, ఫోటో.

సాంబశివరావు గారు ప్రింటవుట్ చదివి, ఎర్ర పెన్ను తీశారు. ‘అబ్బాయిని’ అన్న చోట గీత పెట్టి, ‘స్నేహితుణ్ని’ అని పెడదాం శారదగారూ, మెయిన్‌లో అలాగే వచ్చింది కదా అన్నారు. మెయిన్ సమీక్ష మెయిన్‌ది, నేను అందులో కామా ముట్టుకోలేదు, ఇది మన పేజీ అన్నాను. రేపు ఫోన్లొస్తాయి అన్నారు. నాకివ్వండి అన్నాను. ఇంటిల్లిపాదీ అన్న మాట మరీ ఎక్కువండీ అన్నారు. అప్పుడు నేను కాస్త గొంతు పెంచాను.

“ఆ మాట నాది కాదండీ. రూలు మీరు పెట్టిందే. పేరుంది, ఊరుంది, ఫోటో ఉంది. ఏది తక్కువైందో చెప్పండి, తీసేస్తాను.”

ఆయన ఫోటో వైపు చూశారు. ఆవిడ నిజంగానే ఈ మాట అందా అని బాషాను పిలిచి అడిగారు. ఇంకా గట్టిగా అన్నారు సార్, స్టాండులో అందరూ విన్నారు అని వాడు చెప్పాడు. సాంబశివరావు గారు తాను పెట్టిన రూలు ముందు తానే చేతులు కట్టుకుని నిలబడిపోయారు. తాను కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టారు. చుక్కలు పెడితే ఆ మాట ఉంచమని మా భాష. మరిది కొడుకు సంగతి మాత్రం పూర్తిగా తీసేశారు. ఆవిడ ఒప్పుకుంది గానీ ఆ పిల్ల ఒప్పుకుందా, ఆ కుర్రాడు ఒప్పుకున్నాడా అన్నారు. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. మిగిలింది రెండు ముక్కలు. ‘శుభ్రంగా ఉంది, నవ్వించింది. ఇంటిల్లిపాదినీ దగ్గర కూర్చోబెట్టుకుని చూడాలి.’

ఆదివారం ఫోన్లు వచ్చాయి. మాటిచ్చినట్టు నేనే తీశాను. ఒకాయన ఇలాంటివి మీ పేపర్లో వేస్తే చందా ఆపేస్తానన్నాడు. చందా నంబరు చెప్పమంటే పెట్టేశాడు. ఒకావిడ ఫస్ట్ షోకు ఆడవాళ్ల క్యూ వేరుగా ఉంటుందా అని అడిగింది. ఒక కుర్రాడు, ‘అబ్బాయిని’ అని నిజంగానే అచ్చేశారా మేడం, మా ఊరికి పేపరు రాలేదు, చదివి వినిపిస్తారా అన్నాడు. చదివి వినిపించాను. థాంక్సండీ అని, ఇంకేదో చెప్పబోయి ఫోన్ పెట్టేశాడు. నల్లపాడు నుంచి మాత్రం ఏ ఫోనూ రాలేదు. నేను థియేటర్‌కు వెళ్లి చూడొచ్చు, కానీ వెళ్లలేదు. వాళ్లొచ్చారా లేదా అని కాపలా కాయడం నా పని కాదని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి రాలేదని తెలుసుకోవడానికి భయం. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. కథ రాయొద్దని తల్లి అడిగినా రాశాను, దానివల్ల ఆ అబ్బాయికి ఇల్లు లేకుండా పోయిందేమో అన్న ఆలోచన పచ్చళ్ల పేజీ దిద్దుతున్నా వదల్లేదు.

బుధవారం మధ్యాహ్నం ఒక పెద్దమనిషి డెస్క్ దగ్గరికొచ్చారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, భుజం మీద ఎక్కడో ఒక దూది పోగు. ఆదివారం పేజీ చూసేవాళ్లు కావాలన్నారు. పాఠకులు మెట్లెక్కి వచ్చారంటే తిట్టడానికే అని మాకు అలవాటు. సాంబశివరావు గారు ముందు జాగ్రత్తగా తన కుర్చీ లాక్కుని మా మధ్య వేసుకుని కూర్చున్నారు.

“నల్లపాడు నుంచండీ. ప్రసాదరావంటారు. జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను.”

భార్య నన్ను కలిసిన సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేదు. నేనూ బయటపడలేదు. ఆయన నిదానంగా, మిల్లులో లెక్క అప్పజెబుతున్నట్టు చెప్పుకొచ్చారు. ఆదివారం పొద్దున పేజీ చదివి మడిచి పెట్టేశారట. చర్చిలో కూర్చున్నారు గానీ ప్రసంగం చెవికెక్కలేదట. ఇంటికొచ్చి మళ్లీ చదివారట. అంత పెద్దావిడ పేరు పెట్టి, ఊరు పెట్టి, ముఖం చూపించి చెప్పింది కదా అనుకున్నారట. ఇంట్లోవాళ్లు సినిమా మాటెత్తలేదట, ఆయనే కొడుకుతో సహా అందర్నీ బయల్దేరమన్నారట.

“కథేంటో మీరు రాయకపోయుంటే మధ్యలో లేచొచ్చేవాణ్నండీ,” అన్నారు. “చెప్పి పిలిచారు కాబట్టి కూర్చున్నాను.”

సాంబశివరావు గారు నా వైపు చూడలేదు. మణికట్టు గుండీ సవరించుకున్నారు. ఇంతకీ ఎందుకొచ్చారని అడిగారు.

“అభిప్రాయం ఇద్దామని.”

రేపటితో సినిమా ఎత్తేస్తున్నారండీ, ఆదివారానికి ఊళ్లో కొత్త బొమ్మ ఉంటుంది, పోయిన సినిమాకు అభిప్రాయం వేయం అని సాంబశివరావు గారు మర్యాదగానే చెప్పారు. అదీ రూలే.

“తెలుసండీ,” అన్నారు ప్రసాదరావు గారు. కదల్లేదు. “మావాడు ఆదివారం వస్తాడు. వస్తానని వాళ్లమ్మతో చెప్పాడు. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో మీ పేజీ ముందు నేను చదివి వాడికిస్తాను. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం నాకు చేతకాదండీ. మొన్న ఆదివారం చెబుదామని చూశాను, నోరు పెగల్లేదు. ఇందులో పడితే వాడు చదువుతాడు.”

నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడానికి ప్రింటవుట్లు సర్దాను.

“ఫోటో కావాలండీ,” అన్నారు సాంబశివరావు గారు.

ప్రసాదరావు గారు చొక్కా జేబులోంచి చిన్న కవరు తీశారు. స్టాంపు సైజు ఫోటో, కొత్తగా తీయించింది. ఇన్నేళ్లుగా ఆ పేజీ చదివిన మనిషి, ఏమేం కావాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. ఒక్క మాట కూడా దిద్దలేదు. ఆ ఆదివారం, ఊళ్లో లేని సినిమాకు, కొత్త సినిమా అభిప్రాయాల కింద అది అచ్చయింది. ‘సినిమా బాగుంది. అయితే తండ్రి ఒక్క పాటలో మారిపోయినట్టు చూపించారు. అది నమ్మేలా లేదు. అంత తొందరగా ఎవరూ మారరు, టైం పడుతుంది. మారడం మాత్రం నిజమే. ఇంటిల్లిపాదీ చూడొచ్చు. — ప్రసాదరావు, నల్లపాడు.’

తర్వాత ఆ కుటుంబాన్ని నేను కలవలేదు. కలవాల్సిన పనీ పడలేదు. వేసవి సెలవుల ముందు వంటల పేజీకి నల్లపాడు నుంచి విమల టీచరు పేరుతో ఒక పచ్చడి వచ్చింది. కొలతలన్నీ నలుగురికని రాసి ఉన్నాయి. కొడుకుతో కలిపినా ఆ ఇంట్లో మనుషులు ముగ్గురేనని నాకు తెలుసు. పచ్చడి వేశాను.

తర్వాత కొన్నేళ్లకు నేను ఇన్‌ఛార్జినయ్యాను. ‘గేటు దగ్గర’ శీర్షికకు పేరు, ఊరు, ఫోటో రూలు అలాగే ఉంచాను. దానికి నేను కలిపింది ఒకటే. కథేమిటో మొదటి పేరాలో దాపరికం లేకుండా చెప్పాలి, ఆ తర్వాత మెచ్చుకోవాలన్నా తిట్టాలన్నా రాసేవాడి ఇష్టం. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు ఎందుకని అడిగితే ఆ వారం వచ్చిన సమీక్షలు తీసి చూపించేదాన్ని. ‘మూడో అల్లుడు’కు రాష్ట్రంలో వచ్చిన సమీక్షల్లో నాకు దొరికినవన్నీ అందులో ఉన్నాయి. ఆ సినిమాలో అసలు లోపం ఎక్కడుందో పట్టుకుని చెప్పినవారు వాటన్నింట్లో ఒక్కరే, ఆయన పత్రికల మనిషి కాదు.